ఫైబర్ బోటులో పెట్రోల్ ట్యాంకు: ఫిల్లర్ ఎక్కడ పెట్టాలి, గాలి గొట్టం ఎలా లాగాలి?

అడిగినది: భీమిలి తీరం

అందరికీ నమస్కారం. 22 అడుగుల ఫైబర్ బోటు, మధ్యలో కన్సోలు (స్టీరింగు, స్విచ్చులు ఉండే దిమ్మ), వెనక 40 హార్స్‌పవర్ పెట్రోల్ అవుట్‌బోర్డు. ఇప్పటిదాకా డెక్కు మీద 24 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు రెండు పెట్టి నడుపుతున్నాం. వాటిని తీసేసి కన్సోలు ముందు, డెక్కు కింద 100 లీటర్ల అల్యూమినియం ట్యాంకు శాశ్వతంగా కూర్చోబెట్టాలి. ట్యాంకు తయారై వచ్చింది. పొడవు మీటరు, వెడల్పు అర మీటరు, ఎత్తు 20 సెంటీమీటర్లు. అందులో ఇంకా చుక్క పెట్రోలు పోయలేదు.

ట్యాంకు పైన వెల్డింగ్ చేసిన మెడలు మూడున్నాయి. పెట్రోలు పోయడానికి 38 మి.మీ., ఇంజనుకి వెళ్లే లైనుకి 10 మి.మీ., గాలికి 8 మి.మీ. గాలి మెడ ట్యాంకు ముందు చివరన, ఫిల్లర్ (పెట్రోలు పోసే) మెడ వెనక చివరన ఉన్నాయి.

నా సందేహాలు ఇవీ. గాలికి 8 మి.మీ. సరిపోతుందా? ఫిల్లర్ మూత, వెంట్ (గాలి గొట్టం) ఫిట్టింగు బోటులో ఎక్కడ పెట్టాలి? పూర్ణా మార్కెట్ వైపు షాపుల్లో దారం అల్లిన ఆకుపచ్చ ప్లాస్టిక్ పైపు చూపించి పెట్రోలుకి పనికొస్తుందంటున్నారు, నమ్మొచ్చా? ఎర్తు వైరు నిజంగా అవసరమా?

బోటు భీమిలి ఒడ్డు నుంచి అలల్లోకి దిగుతుంది, మళ్లీ ఇసుక మీదికే వస్తుంది. పెట్రోలు ఎక్కువగా క్యాన్లతో తెచ్చి గరాటుతో పోస్తాం. అప్పుడప్పుడు ట్రెయిలర్ మీద బంకుకి తీసుకెళ్తాం. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది కాబట్టి ఆలోగా పని ముగించాలి.

జవాబు: ఫైబర్ పని

ముందు గాలి సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ట్యాంకులోకి ఎంత పెట్రోలు వెళ్తుందో సరిగ్గా అంత గాలి బయటికి రావాలి. బంకు నాజిల్ నిమిషానికి 40 లీటర్లు పోస్తుందనుకుంటే సెకనుకి ముప్పావు లీటరుకి కాస్త తక్కువ గాలి బయటపడాలి. 8 మి.మీ. రంధ్రంలోంచి అంత గాలి పోవాలంటే సెకనుకి 13 మీటర్ల వేగం కావాలి. 11 మి.మీ. అయితే 7 మీటర్లు, 16 మి.మీ. అయితే 3 మీటర్ల పైచిలుకు సరిపోతుంది. వేగం పెరిగేకొద్దీ గొట్టంలో అడ్డగింపు చాలా ఎక్కువగా పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎటూ పోలేక ఫిల్లర్ గొట్టంలోంచే వెనక్కి తంతుంది. నాజిల్ మాటిమాటికీ టక్కున ఆగిపోవడం, గరాటులోంచి పెట్రోలు ముఖాన చిమ్మడం అందుకే.

పడవల ఇంధన వ్యవస్థకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 10088. అందులో వెంట్‌కి లోపలి వ్యాసం కనీసం 11 మి.మీ., ఫిల్లర్ గొట్టానికి 38 మి.మీ. అని ఉంది. 11 అంటే అంతకన్నా తగ్గకూడదు అన్న హద్దు మాత్రమే. బోటుకి వెంట్ 16 మి.మీ. పెట్టుకోండి. మీ 8 మి.మీ. మెడ పనికిరాదు. ఇంకా పెట్రోలు పోయలేదన్నారు కాబట్టి ట్యాంకు చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి ఇప్పుడే మార్పించండి. ఒక్కసారి పెట్రోలు పోశాక ఆ ట్యాంకు మీద వెల్డింగ్, డ్రిల్లింగ్ మాటే తలపెట్టకూడదు. కడిగి ఆరబెట్టినా మూలల్లో మిగిలిన ఆవిరి పేలుతుంది.

ఫిల్లర్ మూత బోటు అంచు పైభాగంలో, పక్కన నిలబడి పోయడానికి వీలైన చోట పెట్టండి. ఒలికిన పెట్రోలు బయటికే జారిపోవాలి, డెక్కు మీదికి గానీ లోపలికి గానీ రాకూడదు. డెక్కు మీద మూత పెడితే మన తీరంలో ఇంకో ఇబ్బంది ఉంది. కాళ్లతో వచ్చిన ఇసుక మూత మరల్లో దూరి రబ్బరు రింగుని కోసేస్తుంది, ఆ సందులోంచి ఉప్పునీళ్లు దిగుతాయి. ఫిల్లర్ అయినా వెంట్ అయినా లోపలికి తెరుచుకునే ఏ హాచ్‌కీ (డెక్కు తలుపుకీ), గాలి జాలీకీ 40 సెం.మీ. లోపు ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, దొరికిన సందులోంచి బోటు అడుక్కి దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలిలో అది నూటికి ఒకటిన్నర పాలు ఉన్నా నిప్పురవ్వకి అంటుకుంటుంది.

ఫిల్లర్ గొట్టం మూత నుంచి ట్యాంకు దాకా ఆగకుండా కిందికే దిగాలి. మధ్యలో ఉయ్యాలలా వేలాడితే ఆ వంపులో పెట్రోలు నిలబడి దారి మూసేస్తుంది. తర్వాత పోసిన ప్రతిసారీ గుడగుడమంటూ పైకి చిమ్ముతుంది. మూత కింద వెంటనే 90 డిగ్రీల మలుపు కూడా పెట్టొద్దు, నాజిల్ మూతి నుంచి వచ్చే ధార గోడకి తగిలి వెనక్కి వస్తుంది. నేరుగా దిగే వీలు లేకపోతే మెడ ఏటవాలుగా ఉన్న ఫిల్లర్ ఫిట్టింగులు దొరుకుతాయి, అవి తీసుకోండి.

వెంట్ గొట్టం దీనికి తిరగబడిన లెక్క. ట్యాంకు దగ్గర మొదలై ఎక్కడా కిందికి దిగకుండా పైకే పోవాలి. బోటు అంచు కింద ఎంత ఎత్తుకి తీసుకెళ్లగలిగితే అంత ఎత్తున ఒక వంపు తిప్పి, అక్కడినుంచి 15, 20 సెం.మీ. కిందికి దింపి పక్క గోడలోని ఫిట్టింగుకి కలపాలి. అంటే మొత్తం లైనులో ఎత్తు ఒక్కచోటే ఉండాలి. దానికి ఇటువైపు పడ్డ పెట్రోలు ట్యాంకులోకి, అటువైపు పడ్డ నీరు సముద్రంలోకి జారిపోతాయి. ఎక్కువ బోట్లలో తప్పు జరిగేది అంచు లోపలి ఒంపు దగ్గరే. గొట్టం బరువుకి కిందికి సాగి చిన్న గిన్నెలా అవుతుంది. అందులో నాలుగు చెంచాల పెట్రోలు చేరితే చాలు, గాలి ఆగిపోతుంది. 30 సెం.మీ.కి ఒక రబ్బరు పూత క్లిప్పు వేసి కట్టండి.

ఇక ఆకుపచ్చ పైపు. అది తోటకీ మోటారుకీ పనికొచ్చే పైపు, పెట్రోలుకి కాదు. మెత్తదనం కోసం ప్లాస్టిక్‌లో కలిపిన నూనె పదార్థాన్ని పెట్రోలు లాగేస్తుంది. కొన్నాళ్లకి పైపు గట్టిపడి క్లిప్పు దగ్గర పగులుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, దానికి మామూలు రబ్బరు కూడా ఉబ్బి మెత్తబడుతుంది. గొట్టం మీద ఐఎస్‌ఓ 7840 గానీ, ఎస్‌ఏఈ జె1527 గానీ అచ్చువేసి ఉండాలి. దాని పక్కన ఏ1, ఏ2, బి1, బి2 అని ఉంటుంది. ఏ అంటే రెండున్నర నిమిషాల అగ్నిపరీక్ష తట్టుకున్నది, బి అంటే ఆ పరీక్ష లేనిది. 1 అంటే ఇంధనం ఎప్పుడూ నిలిచి ఉండే లైనుకి, ఆవిరి తక్కువ చొరబడనిచ్చేది. 2 అంటే ఇంధనం అప్పుడప్పుడే తగిలే చోటికి. ఫిల్లర్‌కీ వెంట్‌కీ ఏ2 చాలు, ఇంజను లైనుకి ఏ1 తప్పనిసరి. అచ్చు లేని గొట్టాన్ని షాపువాళ్లు ఎంత గట్టిగా చెప్పినా కొనొద్దు.

అంచుకి రంధ్రం కొట్టేముందు ఫిట్టింగు మెడని కొలిచి, దానికన్నా 2 మి.మీ. పెద్ద హోల్ సా (డ్రిల్లుకి తగిలించి గుండ్రంగా రంధ్రం కోసే రంపం) తీసుకోండి. పైన టేపు అంటించి, డ్రిల్లుని మొదట వెనక్కి తిప్పి పై పూతని కోసుకోండి, తర్వాత ముందుకి తిప్పి లోపలికి దిగండి. అలా చేస్తే పూత పెచ్చులూడదు. అంచు లోపల ప్లైవుడ్ గానీ ఫోమ్ గానీ ఉంటే రంధ్రం చుట్టూ ఒక సెం.మీ. లోతుకి దాన్ని గీకేసి, పౌడరు కలిపి చిక్కబరిచిన ఎపాక్సీతో నింపి, ఎండాక మళ్లీ కోయండి. ఈ మెట్టు దాటేసిన బోట్లలో రెండు వానాకాలాలకే మూత చుట్టూ డెక్కు మెత్తగా నొక్కుకుపోతుంది. ఫిట్టింగు కింద సిలికాన్ వాడొద్దు, పెట్రోలు తగిలితే ఉబ్బి పట్టు వదిలేస్తుంది. పాలిసల్ఫైడ్ సీలెంట్ వాడండి. అది పూర్తిగా గట్టిపడటానికి రోజులు పడుతుంది, ఆలోగా మూత మీద బలం పెట్టొద్దు.

జవాబు: రేవు ఇంజన్లు

పైన చెప్పినది సరైనదే. క్లిప్పుల గురించి, ఎర్తు గురించి నేను కలుపుతాను.

ఫిల్లర్ గొట్టానికి రెండు చివర్లా రెండేసి క్లిప్పులు, అంటే మొత్తం నాలుగు. పట్టీ వెడల్పు 12 మి.మీ.కి తగ్గకూడదు. పట్టీలో చిల్లులు ఉన్న రకం రబ్బరుని కోస్తుంది, గాడి మాత్రమే అచ్చొత్తిన రకం తీసుకోండి. షాపులో స్టెయిన్‌లెస్ అని ఇచ్చే వాటిలో చాలావాటికి పట్టీ ఒక్కటే స్టెయిన్‌లెస్, స్క్రూ మామూలు ఇనుము. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. స్క్రూకి గట్టిగా అంటుకుంటే ఆ క్లిప్పు మన ఉప్పుగాలికి ఏడాది కూడా ఆగదు. పైకి మెరుస్తూనే ఉంటుంది, విప్పబోతే స్క్రూ తల విరిగి చేతికొస్తుంది.

గొట్టాన్ని మెడ మీద చివరిదాకా ఎక్కించాలి. ఎక్కకపోతే చివరని వేడినీళ్లలో ముంచి, సబ్బునీళ్లు రాసి తొయ్యండి. గ్రీజు, నూనె రాయొద్దు, తర్వాత జారిపోతుంది. మొదటి క్లిప్పు గొట్టం చివర నుంచి 6 మి.మీ. లోపలికి ఉండాలి, రెండోది దాని పక్కన, స్క్రూలు ఎదురెదురు వైపుల్లో. పట్టీ అంచు పక్కన రబ్బరు కొద్దిగా ఉబ్బేదాకా బిగిస్తే చాలు. ఇంకా బిగిస్తే రబ్బరు తెగుతుంది. లోపల తీగచుట్ట ఉన్న గొట్టమైతే కోసిన చోట తీగ మొన బయటికి పొడుచుకు రాకుండా వెనక్కి కత్తిరించండి.

ఎర్తు అవసరమా అన్నారు. తప్పనిసరి. పెట్రోలు గొట్టంలోంచి పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడుతుంది. ఫిల్లర్ ఫిట్టింగు రబ్బరు గొట్టం మీద, ఫైబరు మీద కూర్చుంది కాబట్టి ఆ విద్యుత్తు పోయే దారి ఉండదు. నాజిల్ గానీ రేకు క్యాన్ గానీ దాని దగ్గరికి రాగానే రవ్వ ఎగురుతుంది, అదీ ఆవిరి లేస్తున్న చోటే. ఫిట్టింగు నుంచి ట్యాంకు చెవికి, అక్కడినుంచి బ్యాటరీ నెగెటివ్‌కి 4 చదరపు మి.మీ. తగరం పూత రాగి వైరు లాగండి. వైరుని గొట్టానికీ మెడకీ మధ్య దూర్చి క్లిప్పుతో నొక్కేయడం చాలాచోట్ల కనిపిస్తుంది. అది చాలా తప్పు, ఆ సందులోంచే పెట్రోలు కారుతుంది. ఫిట్టింగుకి విడిగా చెవి ఉంటుంది, దానికి స్క్రూతో బిగించాలి.

బిగించాక మల్టీమీటరుతో చూడండి. ముందు రెండు ప్రోబులూ కలిపి ఆ అంకె రాసుకోండి, తర్వాత ఫిట్టింగుకీ ట్యాంకుకీ మధ్య కొలిచి అందులోంచి తీసేయండి. మిగిలింది ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి.

అల్యూమినియం ట్యాంకుకి ఇత్తడి నిపుల్ (గొట్టం తొడిగే చిన్న మెడ) నేరుగా బిగించొద్దు. ఉప్పునీరు తగిలితే ఇత్తడి బాగానే ఉంటుంది, అల్యూమినియం తెల్లపొడి అయిపోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ ముక్క ఉండాలి. ఎర్తు చెవి దగ్గర కూడా రాగి లగ్గు కింద స్టెయిన్‌లెస్ వాషరు వేయండి.

డీజిల్ బోటువాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. డీజిల్ నురగ ఎక్కువ కడుతుంది, అందుకే గాలి లైను ఇంకా ధారాళంగా ఉండాలి. డీజిల్ అంటుకోదులే అన్న ధీమా వద్దు. మన బంకుల్లో అమ్మే డీజిల్‌కి ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న ఇంజను గది అంతకన్నా వేడిగానే ఉంటుంది.

జవాబు: అలల దారి

వెంట్ ఫిట్టింగు మూతి వెనక్కి తిరిగి ఉండాలని చాలామంది చెప్తారు. రేవులో కట్టేసే బోటుకి అది చాలు. భీమిలి, రుషికొండ, పెదజాలరిపేట లాంటి చోట్ల ఇసుక మీదినుంచి దిగే బోటుకి చాలదు. దిగేటప్పుడు అల ముందునుంచి కొడుతుంది, ఒడ్డుకొచ్చేటప్పుడు విరిగే అల వెనకనుంచి కొడుతుంది. వెనక్కి తిరిగిన మూతి అప్పుడు నేరుగా నీళ్లలోకే నోరు తెరుచుకుని ఉంటుంది. కాబట్టి పక్క గోడకి, బోటు పొడవులో మధ్యకి కాస్త వెనగ్గా, అంచు కింద ఉండే రబ్బరు పట్టీకి చాటుగా పెట్టండి. మూతి కిందికీ వెనక్కీ మధ్యగా తిరిగేలా బిగించండి. వంపు ఎత్తే మీకు అసలు రక్షణ, ఫిట్టింగు రకం ఆ తర్వాతి సంగతి. వంపు అంచుకి అడుగున తగిలేంత ఎత్తులో ఉంటే విరిగే అల ఒక్క క్షణం తాకినా నీరు దాన్ని దాటి ట్యాంకులోకి పోదు.

పెట్రోలు వెంట్‌కి లోపల సన్నని జాలీ ఉండే రకమే తీసుకోవాలి, బయటి మంట లోపలికి పాకకుండా ఆపేది అదే. విప్పి కడగడానికి వీలుండాలి. మన దగ్గర జాలీలో ఉప్పు గడ్డకడుతుంది. బోటు వాడకుండా నెలల తరబడి ఒడ్డున ఉంటే కందిరీగలు మట్టితో గూడు కట్టి పూర్తిగా మూసేస్తాయి. వేట నిషేధం అయ్యాక మొదటిసారి దింపేముందు వెంట్ విప్పి మంచినీళ్లతో కడిగి చూడటం అలవాటు చేసుకోండి. వెంట్ మూసుకుపోయిందనడానికి గుర్తు ఏమిటంటే, ఇంజను కాసేపు బాగా నడిచి నీరసించి ఆగిపోతుంది, చేతిపంపు బల్బు (ఇంజను లైనులో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ) లోపలికి అణిగిపోయి ఉంటుంది. ఫిల్లర్ మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోతుంది, ఇంజను మళ్లీ స్టార్టవుతుంది. కార్బురేటరు విప్పి రోజంతా వెతికేముందు మూత ఒకసారి తిప్పి చూడాలి.

అడిగినది: భీమిలి తీరం

అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. రెండు విషయాలు అడగాలి. వెంట్‌ని బోటు గోడకి కాకుండా కన్సోలు కాలు వెంబడి పైకి తీసుకెళ్తే నీటికి ఇంకా దూరంగా ఉంటుంది కదా, అలా చేయొచ్చా? రెండోది, క్యాన్లతో పోసేది ఎక్కువగా ఇసుక మీదే, బోటు మూతి సముద్రం వైపు వాలి ఉంటుంది. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు: ఫైబర్ పని

కన్సోలు ఆలోచన పెట్రోలుకి వద్దు. ఎత్తులో వదిలినా ఆవిరి కిందికే వస్తుంది. వచ్చేది నేరుగా స్విచ్చులు, బ్యాటరీ, తాళంచెవి ఉన్న చోటికీ, మీ కాళ్ల దగ్గరికీ. ట్యాంకు నిండా పోసి ఎండలో పెడితే అక్కడినుంచి కారేది కూడా బోటులోనే పడుతుంది. వెంట్ ఎప్పుడూ బోటు బయటికే ఊపిరి వదలాలి.

వాలు గురించి అడగడం చాలా మంచిదైంది, మీ ట్యాంకుకి అది పెద్ద తేడా తెస్తుంది. లెక్క చూడండి. మీటరు పొడవు ట్యాంకు 6 డిగ్రీలు ముందుకి వాలితే రెండు చివరల మధ్య 10 సెం.మీ. ఎత్తు తేడా. గాలి మెడ ముందు చివరన, అంటే పల్లంలో ఉంది. 75 లీటర్లు పోసేసరికి ఆ మెడ పెట్రోలులో మునుగుతుంది. వెనక చివర పైన సుమారు 25 లీటర్ల గాలి బయటికి పోయే దారి లేక ఇరుక్కుంటుంది. ఇంకా పోస్తే ఆ గాలి నలిగి పెట్రోలుని వెంట్ గొట్టంలోకి నెడుతుంది. ట్యాంకులో ఇంకా చోటుండగానే వెంట్‌లోంచి పెట్రోలు ఇసుకలో కారుతుంది. మనిషి ట్యాంకు నిండిందనుకుంటాడు, సముద్రం మీద లెక్క పాతిక లీటర్లు తప్పుతుంది.

ఎలాగూ మెడ మార్పిస్తున్నారు కాబట్టి ముందు చివర ఒకటి, వెనక చివర ఒకటి, రెండు 16 మి.మీ. మెడలు పెట్టించండి. రెండింటి నుంచీ గొట్టాలు విడివిడిగా పైకి తీసుకెళ్లి, అంచు కింద ఒక టీ ముక్కతో (T ఆకారంలో మూడు దారులున్న ముక్క) కలిపి, అక్కడినుంచి ఒకే లైనుగా వంపు తిప్పి బయటికి పంపండి. బోటు ఎటు వాలినా ఒక మెడ గాలిలోనే ఉంటుంది. టీ ముక్క వాలిన ట్యాంకు పై చివరకన్నా చాలా ఎత్తులో ఉండాలి, లేకపోతే ఒక గొట్టంలోంచి వచ్చిన పెట్రోలు రెండోదాన్నీ మూస్తుంది. వెల్డింగ్ చేసేవాళ్లని ఇంకోటి కూడా అడగండి: లోపలి అడ్డు పలకల పైమూలలు కత్తిరించి ఉన్నాయా? లేకపోతే ప్రతి గదిలో గాలి విడిగా ఇరుక్కుంటుంది.

క్యాన్‌తో పోసేటప్పుడు నాజిల్‌లా దానంతట అది ఆగదు, కాబట్టి ఎంత పోశారో మీరే లెక్క పెట్టుకోవాలి. 100 లీటర్ల ట్యాంకులో 95 దాటొద్దు. పెట్రోలు ఒక్కో డిగ్రీకి వెయ్యోవంతు దాకా ఉబ్బుతుంది. బంకు భూగర్భ ట్యాంకు నుంచి చల్లగా వచ్చింది మధ్యాహ్నానికి 15 డిగ్రీలు వేడెక్కితే 100 లీటర్లకి సుమారు లీటరున్నర పెరుగుతుంది. గొంతుదాకా పోసి ఉంటే అదంతా వెంట్‌లోంచి బయటికే. ఫిల్లర్ గొట్టం మీటరున్నర పొడవుంటే అందులోనే 1.7 లీటర్లు పడుతుంది, కాబట్టి మూత దగ్గర పెట్రోలు కనబడేదాకా పోయడం ఎప్పుడూ ఎక్కువే. గరాటు రేకుది వాడండి, ఫిట్టింగు లోహానికి ఆనించి ఉంచండి. ప్లాస్టిక్ గరాటుకి ఎర్తు అందదు. బోటులో మనుషులు దిగాలి, బ్యాటరీ స్విచ్చు ఆపాలి.

జవాబు: రేవు ఇంజన్లు

డెక్కు మూసేముందు గాలి పరీక్ష చేయండి, అన్నా. మూసేశాక లీకు వెతకాలంటే డెక్కు కోయాల్సిందే.

20 కిలోపాస్కల్ ఒత్తిడి 5 నిమిషాలు నిలబడాలి. ఇంజను లైను మెడకి బిరడా వేయండి. ఫిల్లర్ ఫిట్టింగు నోటికి, లోపల పెట్టి మర తిప్పితే ఉబ్బే రబ్బరు బిరడా వేయండి. వెంట్ చివరన సన్న పైపు దూర్చిన రబ్బరు బిరడా పెట్టి, దానికి టీ ముక్క తగిలించి ఒక వైపు సైకిల్ పంపు, ఇంకో వైపు కొలత. అంత తక్కువ ఒత్తిడి చూపించే గేజు దొరక్కపోతే పారదర్శకమైన సన్న గొట్టాన్ని పొడుగాటి పలకకి యు ఆకారంలో కట్టి సగం నీళ్లు పోయండి. రెండు వైపుల నీటిమట్టాల మధ్య 2 మీటర్ల తేడా వస్తే అదే 20 కిలోపాస్కల్. గొట్టం అందుకు తగ్గ పొడవుండాలి, లేకపోతే నీళ్లు ఎగిరిపోతాయి.

కంప్రెసరు మాత్రం పెట్టకండి. ఈ కొద్ది ఒత్తిడికే అర చదరపు మీటరు పైపలక మీద దాదాపు టన్ను బలం పడుతుంది. వర్క్‌షాపు కంప్రెసరు ఒత్తిడి దీనికి ముప్పై రెట్ల పైన. ట్యాంకు పొట్ట ఉబ్బి కుట్లు విడిపోతాయి, పక్కన మనిషి ఉంటే ప్రాణానికే ముప్పు. పంపు కొడుతూ పలకని గమనించండి, కళ్లకి కనబడేలా ఉబ్బితే ఆపేసి లోపల అడ్డు పలకలు సరిగా అతికాయో లేదో చూపించండి.

పరీక్ష నీడలో, ఉదయం పూట పెట్టుకోండి. లోపలి గాలి ఒక్క డిగ్రీ మారినా నీటిమట్టం తేడా సుమారు 4 సెం.మీ. మారుతుంది. మబ్బు పట్టి ట్యాంకు చల్లబడితే లీకు లేకుండానే ఒత్తిడి పడిపోయినట్టు కనిపిస్తుంది. ఎండ ఎక్కితే దీనికి తిరగబడి, ఉన్న లీకు దాక్కుంటుంది. అది ఇంకా ప్రమాదం. సబ్బు నురగ బ్రష్షుతో ప్రతి క్లిప్పు అంచునా, వెల్డింగు కుట్ల వెంబడీ, ఫిల్లర్ మెడ గొట్టంలోకి దూరే చోటా రాయండి. పెద్ద లీకు వెంటనే బుడగ కడుతుంది. సన్నది నిమిషం తర్వాత తెల్లని చిన్న గుత్తిలా లేస్తుంది, అందుకని రాసి వెంటనే వెళ్లిపోకండి. బుడగ కట్టిన చోట క్లిప్పుని ఇంకా బిగించే ముందు విప్పి చూడండి. గొట్టం వంకరగా కోసి ఉండటమో, మెడ మీద వెల్డింగు చిందు గడ్డ ఉండటమో కారణమై ఉంటుంది, వాటిని ఎంత బిగించినా ఆపలేరు.

అయ్యాక బిరడాలన్నీ లెక్కపెట్టి తీయండి. వెంట్‌లో బిరడా మిగిలిపోతే ఇంజను పీల్చే పీల్పుకి ట్యాంకు లోపలికి అణుగుతుంది. మొదటిసారి 20 లీటర్లే పోసి, ఒక మనిషి వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. క్యాన్ వంచగానే అరచేతికి గాలి తగలాలి. తగలకపోతే పోయడం ఆపి, లైనులో ఎక్కడ గొట్టం నొక్కుకుందో వెతకండి, చాలాసార్లు అది బల్క్‌హెడ్ (బోటు లోపలి అడ్డుగోడ) దాటే రంధ్రం దగ్గరే ఉంటుంది. ఆ రాత్రి డెక్కు పలకలు తెరిచే ఉంచి, తెల్లారి బ్యాటరీ స్విచ్చు వేయకముందే అడుగుభాగంలో వాసన చూడండి.